మంచినీటి చెరువూ, మన ఫ్లష్ ట్యాంకూ

సంపాదకుల వారికి నమస్కారములు.

ఏటా వేసవిలో కాలువలు కట్టేసే ముందు ఊరి మంచినీటి చెరువును నింపుకొని, మళ్లీ నీళ్లు వదిలేదాకా వాటితోనే నెట్టుకు రావడం మా కోనసీమ శివారు గ్రామాలకు అలవాటైన సంగతే. అంతర్వేది, సఖినేటిపల్లి వైపు బోరు వేస్తే చాలాచోట్ల ఉప్పునీరే పడుతుంది కాబట్టి మాకు ఆ చెరువే దిక్కు. అటువంటి నీటిని వడగట్టి, క్లోరిన్ కలిపి, మోటారుతో ట్యాంకుకు ఎక్కించి ఇంటింటికీ పంపితే, అందులో ఎంత భాగాన్ని మరుగుదొడ్డిలో పోస్తున్నామో మనలో ఎవరమూ లెక్క చూసుకోవడం లేదు.

పాత రకం ఫ్లష్ ట్యాంకును ఒక్కసారి నొక్కితే సుమారు పది లీటర్లు పోతాయి. నలుగురున్న ఇంట్లో మనిషికి రోజుకు అయిదుసార్లు అనుకున్నా రెండు వందల లీటర్లయింది. జల్ జీవన్ మిషన్ కింద పల్లెల్లో మనిషికి రోజుకు 55 లీటర్ల చొప్పున ఇవ్వాలన్నది ప్రభుత్వం పెట్టుకున్న ప్రమాణం. అంటే ఆ నలుగురికీ అన్ని అవసరాలకూ కలిపి వచ్చే 220 లీటర్లలో వంటకూ, స్నానానికీ, బట్టలకూ మిగిలేది ఇరవై మాత్రమే. రెండు బటన్లున్న ట్యాంకులో పెద్ద బటన్‌కు ఆరు లీటర్లు, చిన్న బటన్‌కు మూడు లీటర్లు వస్తాయి. అదే ఇంట్లో రోజుకు నాలుగుసార్లు పెద్దదీ, పదహారుసార్లు చిన్నదీ నొక్కితే 72 లీటర్లతో సరిపోతుంది. అయితే ఈ తేడా అంతా ఏ బటన్ దేనికో ఇంటిల్లిపాదికీ తెలిసినప్పుడే దక్కుతుంది. చాలా ఇళ్లలో రెండూ కలిపి నొక్కేయడం నేను చూస్తూనే ఉన్నాను.

దీనికంటే పెద్ద నష్టం కంటికి కనిపించని కారుడు. నిరుడు వేసవిలో మా ఇంట్లో పొద్దున నింపిన ట్యాంకు సాయంత్రానికే ఖాళీ అవుతుంటే పైపులన్నీ వెతికాము, చివరికి మోటారును కూడా అనుమానించాము. తెలిసిన ప్లంబరు ఒకాయన వచ్చి, ఫ్లష్ ట్యాంకు మూత తీసి బట్టలకు వాడే నీలిమందు నాలుగు చుక్కలు వేసి, అరగంట దాకా ఎవరినీ నొక్కవద్దన్నారు. చూస్తుండగానే కమోడ్ గోడ మీద సన్నని నీలిరంగు దారం ఒకటి కిందికి జారింది. అడుగున ఉండే రబ్బరు వాషరు గట్టిపడి, అంచున చిన్న పగులు ఇచ్చింది. నిమిషానికి ఒక టీ గ్లాసు, అంటే వంద మిల్లీలీటర్లు కారినా రోజుకు 144 లీటర్లు పోతాయి. వాషరు మార్చడానికి పది నిమిషాలు కూడా పట్టలేదు. ఈ పరీక్ష ఎవరైనా చేసుకోవచ్చు, ఈ రోజే చేసుకోవచ్చు.

పల్లెల్లో మగ్గుతో నీళ్లు పోసే ఏటవాలు బేసిన్ ఉన్నవారు దాన్ని నామోషీగా భావించి పీకించవద్దని నా మనవి. దాని వాలు ఎక్కువ, అడుగున నీరు నిలిచే మట్టు 20 మిల్లీమీటర్లే. అందువల్ల ఒకటిన్నర నుంచి రెండు లీటర్లకే శుభ్రపడుతుంది. మోకాళ్ల నొప్పులున్న పెద్దలకు కమోడ్ తప్పదు, మా ఇంట్లోనూ అదే పరిస్థితి. అటువంటప్పుడు కొనేటప్పుడే ఎన్ని లీటర్లదో దుకాణంలో అడగాలి. తక్కువ నీటి ట్యాంకుకు దానికి తగిన కమోడే పెట్టించాలి, లేకపోతే రెండుసార్లు నొక్కవలసి వచ్చి అసలు ప్రయోజనం పోతుంది. పాత ట్యాంకులో నీళ్లు నింపిన లీటరు సీసాను, లోపలి భాగాలకు తగలకుండా, నిలబెడితే ప్రతిసారీ లీటరు మిగులుతుంది. ఇటుక మాత్రం పెట్టవద్దు, అది అరిగి ఆ పొడి వాషరులో ఇరుక్కుంటుంది.

మన డెల్టాకు ఇంకొక చిక్కు ఉంది. నేలలో నీటిమట్టం పైనే ఉండడం వల్ల సెప్టిక్ ట్యాంకు నుంచి వచ్చే నీటిని భూమి త్వరగా పీల్చుకోదు. ట్యాంకులో మలినం అడుగుకు దిగాలంటే నీరు కనీసం ఒక రోజైనా నిలవాలి. మనం అవసరానికి మించి నీళ్లు వదిలితే అది పేరుకోకముందే బయటికి నెట్టుకొచ్చి, వీధి కాలువ మీదుగా దిగువ ఊరివాళ్లు వాడుకునే నీటిలో చేరుతుంది. ఇక్కడ పొదుపు పక్క ఊరి ఆరోగ్యానికి కూడా సంబంధించినది.

కనుక పంచాయతీలు, పురపాలక సంఘాలు కొత్త ఇళ్లకు అనుమతి ఇచ్చేటప్పుడు రెండు బటన్ల ట్యాంకును తప్పనిసరి చేయాలని, వచ్చే వేసవికి కాలువలు కట్టేలోగా బడులు, బస్టాండ్లు, కల్యాణ మండపాలలోని ప్రతి ఫ్లష్ ట్యాంకుకూ ఈ నీలిమందు పరీక్ష జరిపించి పాడైన వాషర్లు మార్పించాలని మీ పత్రిక ద్వారా అధికారులను కోరుతున్నాను.

భవదీయుడు,
ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు,
రాజోలు ప్రాంతం, కోనసీమ