కార్యదర్శి వార్షిక నివేదిక: సర్వసభ్య సమావేశానికి

గౌరవ సభ్యులకు నమస్కారం.

బెంగళూరులోని మన తెలుగు సంఘంలో ఉగాది పంచాంగ శ్రవణం, కార్తీక వనభోజనాలు, పిల్లల తెలుగు బడి ఎప్పటిలాగే జరిగాయి. వంటల భారమంతా మోసిన బీటీఎం లేఔట్ మహిళా సభ్యులకు, తమ ఆఫీసులో వాడని సర్వర్‌ను ఇప్పించిన సభ్యునికి, మేడ మీది హాలు అద్దె లేకుండా ఇచ్చిన మారతహళ్లి దంపతులకు కార్యవర్గం తరఫున ధన్యవాదాలు.

ఈ ఏడాది మనం గర్వంగా చెప్పుకోవాల్సింది ఆ హాల్లో జరిపిన సర్వర్ నిర్వహణ శిక్షణ గురించే. కడప, అనంతపురం, ప్రకాశం జిల్లాల నుంచి వచ్చి పీజీ హాస్టళ్లలో ఉంటూ ఉద్యోగాలు వెతుక్కుంటున్న పిల్లల కోసం పెట్టాం. ఇంటర్వ్యూలో కమాండ్ల పేర్లు అడుగుతారు. ఉద్యోగంలో చేరాక మాత్రం క్లోన్ సర్వర్‌లో (అంటే అచ్చు నకలు తీసిన సర్వర్‌లో) డిస్కు రావట్లేదన్న టికెట్, అంటే ఫిర్యాదు, మీదికొస్తుంది. అందుకే పాఠం అక్కణ్ణుంచే మొదలైంది.

క్లోన్ చేస్తే డేటాతో పాటు ఫైల్‌సిస్టమ్ (డిస్కు మీద ఫైళ్లను అమర్చే ఏర్పాటు) యూయూఐడీ, అంటే దాని గుర్తింపు సంఖ్య కూడా అచ్చంగా దిగుతుంది. ఆ డిస్కును అసలు సర్వర్‌కే తగిలిస్తే ఒకే ఆధార్ నంబరుతో ఇద్దరు వచ్చి నిలబడ్డట్టు. లినక్స్‌లోని ఎక్స్‌ఎఫ్‌ఎస్ అనే ఫైల్‌సిస్టమ్ అయితే మౌంట్ కాకుండా, అంటే వాడకానికి తెరుచుకోకుండా మొరాయిస్తుంది. ఫైళ్లు తీసుకోవడం వరకే అయితే ఆ సంఖ్యను పట్టించుకోవద్దని చెప్పే నోయూయూఐడీ ఆప్షన్ చాలు. రెండూ అక్కడే ఉండాలంటే ఒకసారి అలా మౌంట్ చేసి, దించి, ఎక్స్‌ఎఫ్‌ఎస్ అడ్మిన్ కమాండ్‌తో కొత్త యూయూఐడీ పుట్టించాలి. డిస్కులను కలిపి పంచిపెట్టే ఎల్‌వీఎం ఉంటే వీజీఇంపోర్ట్‌క్లోన్ అనే కమాండ్ వాడాలి. విండోస్‌లో డిస్క్ సిగ్నేచర్ (డిస్కు గుర్తింపు సంఖ్య) ఒకటే కావడంతో డిస్కు ఆఫ్‌లైన్‌లో పడి ఉంటుంది. డిస్క్ మేనేజ్‌మెంట్‌లో ఆన్‌లైన్ చేస్తే కొత్తది రాసుకుంటుంది.

అసలు పాఠం మధ్యాహ్నం దొరికింది. పిల్లల వర్చువల్ సర్వర్లన్నీ (ఒక అసలు సర్వర్ మీద నడిచేవి) ఒక్కసారిగా ఆగిపోయాయి. ఆగకముందు లోపల ఖాళీ చోటు చూపే డీఎఫ్ కమాండ్ కొడితే సగం ఖాళీ చూపించింది, అడుగున వాటి డిస్కులన్నీ ఉండే డేటాస్టోర్ మాత్రం నిండిపోయింది. థిన్ డిస్కు అంటే చోటంతా ముందే పట్టుకోకుండా రాసిన కొద్దీ తీసుకునేది. లోపల ఫైళ్లు చెరిపినంత మాత్రాన తిరిగివ్వదు, ఎఫ్‌ఎస్‌ట్రిమ్ కమాండ్ నడిపి ఆ కబురు అడుగుదాకా పంపాలి. వదిలేసిన స్నాప్‌షాట్లూ (వెనక్కి వెళ్లేందుకు దాచుకున్న ఒకప్పటి స్థితి) పెరుగుతూ పోతాయి. వర్చువల్ సర్వర్లను నడిపే వీఎంవేర్‌లో స్నాప్‌షాట్ ఉండగా డిస్కు సైజు పెంచడమూ కుదరదు. కారణం పిల్లలే పట్టుకున్నారు. ఆ సాయంత్రం వాళ్ల ముఖాలు చూసినవారికి ఈ సంఘం ఎందుకో వేరే చెప్పనక్కర్లేదు.

బాధ కలిగించినదీ రాయాలి. వాట్సాప్‌లో చేయెత్తిన వాలంటీర్లలో చాలామంది ఆ రోజు కనబడలేదు. కుర్చీలు వేసిందీ, భోజనాలు వడ్డించిందీ పాఠం చెప్పినవాళ్లే. సముదాయ భవనం అడిగితే సంబంధిత అధికారి రేపు మాపు అంటూ తిప్పారే తప్ప సంతకం పెట్టలేదు.

జమాఖర్చుల పట్టిక కోశాధికారి జతచేశారు. చందా బాకీలున్నవారు దయచేసి కట్టండి.

రెండో విడత శిక్షణకు డేటాస్టోర్ పెంచాలి. పనిచేసే ఎస్‌ఎస్‌డీలు ఉన్నవారు కార్యవర్గానికి అందజేయగలరు. వాలంటీర్లు ఈసారి సమావేశంలోనే పేరు రాసి సంతకం పెట్టాలి.

– కార్యదర్శి, బెంగళూరు