నక్షత్ర వీక్షణ సంఘం వార్షిక నివేదిక, 2025–26

గౌరవ సభ్యులకు నమస్కారం.

సంఘం ఆశయాలు మీ అందరికీ తెలిసినవే కనుక నేరుగా పనుల్లోకి వస్తున్నాను. తక్కువ ఖర్చులో మొదటి టెలిస్కోపు ఏది కొనాలని కొత్త సభ్యులు అడుగుతూనే ఉన్నారు. కొనుగోలు ఉపసంఘం దీనిమీద కూర్చుని ఒక మాట తేల్చింది: పెట్టె మీద ఎన్ని రెట్లు పెద్దదిగా చూపుతుందని అచ్చు వేశారో చూడకండి. వెలుతురు పట్టే ప్రధాన అద్దం లేదా కటకం వ్యాసం ఎంతో, స్టాండు ఊగుతుందో లేదో చూడండి. పనికొచ్చే గరిష్ఠ వృద్ధి మిల్లీమీటరు వ్యాసానికి సుమారు రెండు రెట్లు. అంటే 60 మి.మీ. కటకానికి 120 రెట్లు. అది దాటితే బొమ్మ పెద్దదవుతుంది, మసకబారుతుంది, కొత్త వివరం ఏదీ రాదు. అలాంటి దాని పెట్టె మీద 525 రెట్లని కనిపిస్తే అక్కడే వదిలేసి రండి.

ఉమ్మడి వాడకానికి 130 మి.మీ. అద్దం, 650 మి.మీ. ఫోకల్ లెంగ్త్ (అద్దం నుంచి బొమ్మ ఏర్పడే చోటికి దూరం) ఉన్న బల్లమీది డాబ్సోనియన్ (పీఠం మీద చేత్తో తిప్పే అద్దపు టెలిస్కోపు) కొన్నాం. కన్ను పెట్టి చూసే కటకం, అంటే ఐపీస్, 25 మి.మీ.దైతే 26 రెట్లు, 10 మి.మీ.దైతే 65, దానికి వృద్ధిని రెండింతలు చేసే బార్లో కటకం చేరిస్తే 130. ఆరంభానికి ఇంతకన్నా అక్కర్లేదు. ఆకాశం తిరిగే ఇరుసు వెంట తిరిగే ఈక్వటోరియల్ స్టాండు ఎందుకు తీసుకోలేదని కొందరు అడిగారు. చవక రకాల్లో దాని కాళ్లు సన్నం, ఫోకస్ తిప్పితే చాలు గ్రహం గంతులేస్తుంది. పైగా దాని ఇరుసును ముందు ధ్రువం వైపు సరిచూడాలి. డాబ్సోనియన్‌ను పైకీ కిందికీ, పక్కకీ తోస్తే సరిపోతుంది. మడత బల్ల మీద మాత్రం పెట్టకండి. మూడు కాళ్ల గట్టి పీట మేలు, నేల ఎగుడుదిగుడైనా ఊగదు. గొట్టాన్ని వేలితో తడితే బొమ్మ ఒకటి రెండు సెకన్లలో నిలబడాలి.

ఈ ఏడాది మనం గర్వంగా చెప్పుకోవలసింది, సభ్యుల అటకల మీది టెలిస్కోపులన్నీ దింపించి బాగుచేసిన సాయంత్రం. పాడైపోయాయని తెచ్చినవాటిలో చాలావరకు అసలు పాడవనే లేదు. ఎక్కువమంది బార్లో, చిన్న ఐపీస్ కలిపి పెట్టి, ఆకాశంలో గుండుసూది మొనంత చోటును చూస్తూ ఏమీ కనిపించడం లేదంటున్నారు. ఎప్పుడూ 25 మి.మీ. ఐపీస్‌తోనే మొదలుపెట్టాలి. గొట్టం మీది గురిచూసే చిన్న సాధనమైన ఫైండర్‌ను పగటిపూట, సూర్యుడికి దూరంగా, అర కిలోమీటరు అవతలి స్తంభం కొసను ఐపీస్ మధ్యకు తెచ్చి, అదే కొస మీదికి సరిచేయాలి. ఎర్రచుక్క ఫైండర్లలో సగం జబ్బు ఆర్పడం మరిచిన బ్యాటరీయే.

అద్దాల సవరింపుకు, అంటే రెండు అద్దాలనూ ఒకే వరుసలోకి తేవడానికి, మధ్యలో చిన్న రంధ్రం చేసిన మూతను ఐపీస్ చోట పెట్టి చూపించాం. ముందు ఐపీస్ ఎదుటి చిన్న అద్దంలో గొట్టం అడుగునున్న పెద్ద అద్దం మొత్తం, దాని క్లిప్పులతో సహా కనిపించాలి. తర్వాత వెనక తాళం మరలు వదులుచేసి, సవరింపు మరలను పావు చుట్టు చొప్పున తిప్పుతూ, పెద్ద అద్దం నడిమి గుర్తును మూత రంధ్రపు ప్రతిబింబం మీదికి తేవాలి. అద్దాన్ని పట్టే క్లిప్పులను బిగదీస్తే నక్షత్రం ముక్కోణంగా కనిపిస్తుంది. అద్దం మీది దుమ్మును గుడ్డతో తుడవకండి. అల్యూమినియం పూత గీసుకుపోతే తిరిగి రాదు, కొద్ది దుమ్ము వల్ల నష్టం లేదు.

కొన్నింటికి మన దగ్గర మందు లేదు. గొట్టం అర మీటరే ఉండి, ఫోకల్ లెంగ్త్ 1000 మి.మీ. అని రాసి ఉంటే ఫోకసర్ (ఐపీస్‌ను ముందుకూ వెనక్కూ జరిపే భాగం) అడుగున అదనపు కటకం ఉన్నట్టే. పైన చెప్పిన అద్దాల సవరింపు పద్ధతి దానిమీద సరిగా పనిచేయదు. కొనేముందే ఈ రెండు అంకెలూ పోల్చుకోండి. ఐపీస్‌కు బిగించే సూర్య ఫిల్టర్లు దొరికినవన్నీ సభ్యుల అనుమతితో పెట్టెల్లోంచి తీసేశాం. పోగైన వేడికి అలాంటి ఫిల్టర్ పగిలితే కన్ను పోతుంది. సూర్యుడికి గొట్టం ముందు మొత్తం మూసే ఫిల్టర్ ఒక్కటే దారి.

బాగైనవాటితో శుక్ల అష్టమి నాడు చంద్రుణ్ణి చూపించాం. పౌర్ణమి ఎందుకు కాదంటే, ఆనాడు గోతులకు నీడలుండవు, అంతా తెల్లగా చదునుగా ఉంటుంది. శని దగ్గర మాత్రం "వలయం ఏదండీ?" అని పిల్లలు నిలదీశారు. 2025 మార్చి 23న భూమి వలయాల తలాన్ని దాటింది, అంటే వాటి అంచే మనవైపు తిరిగింది, నవంబరులోనూ అవి గీతలాగే ఉన్నాయి. ఈ లోటును 2026 జనవరి 10న మన ఆకాశంలో సూర్యుడికి సరిగ్గా ఎదురు దిక్కుకు వచ్చిన గురుడు, నాలుగు చందమామలతో తీర్చాడు. టెలిస్కోపును అరగంట ముందే ఆరుబయట పెట్టినవారికి గురుడి మీది పట్టీలు కూడా తేలాయి. అద్దం వేడిగా ఉంటే బొమ్మ నీళ్లలోలా కదులుతుంది.

మైదానం దీపాలు రెండు గంటలు ఆర్పమని సంబంధిత అధికారులకు రాసిన ఉత్తరాలకు అందినట్టు ముద్ర తప్ప జవాబు లేదు. స్వచ్ఛంద సేవకుల జాబితాలో పేర్లు పొడవుగానే ఉన్నాయి, బరువు మోసే వేళకు చేతులే కనబడవు. పేరు రాసినవారు దయచేసి రండి, లేదా పేరు కొట్టేయండి.

జమాఖర్చుల పట్టిక కోశాధికారి పంచారు, తనిఖీ పూర్తయింది.

పీట చేసిచ్చిన వడ్రంగి సభ్యుడికి, డాబా ఇచ్చిన కుటుంబానికి, అడగకుండానే వీధివైపు దీపాలు ఆర్పిన ఇరుగుపొరుగువారికి, మరలు తిప్పడంలో పెద్దలను మించిన యువ సభ్యులకు, సవరింపు పనిముట్లు అరువిచ్చిన సీనియర్లకు, ఓపికగా లెక్కలు రాసిన కోశాధికారికి కృతజ్ఞతలు.

ఉమ్మడి టెలిస్కోపును ఇంటికి తీసుకెళ్లేవారు రిజిస్టరులో సంతకం చేసి, రెండు ఐపీసులూ, బార్లో, మూతలూ లెక్క చూసి తిరిగి ఇవ్వాలన్న నియమాన్ని సభ ముందు ఉంచుతున్నాను. నివేదికతో పాటు దీన్నీ ఆమోదించవలసిందిగా కోరుతున్నాను.

కార్యదర్శి