బీసీజీ వాపునూ క్షయ వాపునూ ఒకే గాటన కట్టొద్దు

సంపాదకులకు నమస్కారం.

ఇంట్లో ఒకరికి టీబీ అని తేలితే మిగతావాళ్లకు మాంటూ పరీక్ష రాయడం మామూలే. ముంజేతి చర్మంలోకి 0.1 మి.లీ. ట్యూబర్‌క్యులిన్ అనే మందు ఎక్కిస్తారు. 48 నుంచి 72 గంటల మధ్య చూసి, గట్టిపడిన వాపు 10 మి.మీ. ఉంటే 'పాజిటివ్' అని రాసిస్తారు. ఆ వాపు క్షయ క్రిమి తెచ్చిందా, బీసీజీ టీకా తెచ్చిందా అన్నది ఆ కాగితం మీద ఉండదు.

పుట్టగానే వేసిన బీసీజీతో పెద్ద ఇబ్బంది లేదు. పదేళ్లు దాటితే దాని ప్రభావం మాంటూలో దాదాపు కనిపించదు. శైశవం దాటాక వేసిన టీకా సంగతి వేరు. దాని వల్ల వచ్చే వాపు చాలామందిలో ఏళ్ల తరబడి నిలుస్తుంది. 2024లో దేశంలో పలు జిల్లాల్లో పెద్దలకు బీసీజీ వేశారు, ఆంధ్రప్రదేశ్ కూడా అందులో ఉంది. వేయించుకున్నవాళ్లలో టీబీ రోగుల ఇంటివాళ్లూ ఉన్నారు. రేపు మాంటూ పరీక్షకు వచ్చేది వాళ్లే. అందుకే మా విన్నపం: వీళ్లకు ట్యూబర్‌క్యులిన్‌తో చేసే మాంటూ మానేసి, బీసీజీ వల్ల వాపు రాని సై-టీబీ చర్మ పరీక్షను ప్రతి ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికీ అందించాలి. అది పుణేలోని సీరం ఇన్‌స్టిట్యూట్‌లోనే తయారవుతోంది. ఈ కోవ పరీక్షలను ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022లో ఆమోదించింది.

రెండు పరీక్షలకూ తేడా ఎక్కడుందో తెలియాలంటే బీసీజీ పుట్టుక దగ్గరికి వెళ్లాలి. ఫ్రాన్స్‌లోని లీల్ నగరంలో కాల్మెట్, గెరాన్ అనే ఇద్దరు 1908 నుంచి 1921 వరకు పశువుల క్షయ క్రిమిని పైత్యరసం, గ్లిజరిన్ కలిపిన బంగాళాదుంప ముక్కల మీద 230 సార్లు మార్చి మార్చి పెంచారు. పోరాడాల్సిన శరీరం లేని చోట, రోగం కలిగించే జన్యువులు క్రిమికి అక్కరలేకపోయాయి. ఆ పదమూడేళ్లలో దాని డీఎన్ఏ నుంచి సుమారు 9,500 అక్షరాల ముక్క ఒకటి ఊడిపోయింది. దాన్ని ఆర్‌డీ1 అంటారు. ఇవాళ ప్రపంచంలో ఏ బీసీజీ రకంలోనూ ఆ ముక్క లేదు. 1948లో మదనపల్లెలో మన దేశపు తొలి బీసీజీ టీకాలు వేసిననాటికి ఈ సంగతి ఎవరికీ తెలియదు. అది బయటపడింది 1996లో.

ఆ ముక్కలో తొమ్మిది జన్యువులున్నాయి. వాటిలో రెండు ఈశాట్-6, సీఎఫ్‌పీ-10 అనే చిన్న ప్రొటీన్లను తయారుచేసేవి. మిగిలినవాటిలో కొన్ని ఆ ప్రొటీన్లను క్రిమి గోడ దాటించి బయటికి పంపే యంత్రంలో భాగాలు. అంటే బీసీజీ సరుకునూ పోగొట్టుకుంది, ద్వారాన్నీ పోగొట్టుకుంది. ఈ రెండింటిలో ద్వారం ఎంత ముఖ్యమో తర్వాతి ప్రయోగాల్లో తేలింది. సరుకు జన్యువులను మాత్రమే బీసీజీలో తిరిగి పెడితే ప్రొటీన్ తయారైంది కానీ లోపలే ఉండిపోయింది. రోగనిరోధక కణాలు దాన్ని గుర్తుపట్టలేదు. ముక్క మొత్తాన్నీ, దాని పక్క జన్యువులతో కలిపి పెట్టాకే ప్రొటీన్ బయటికి వచ్చింది, కణాలు స్పందించాయి. దాంతోపాటు క్రిమికి బలమూ పెరిగింది.

ఇంకో రుజువు ఈఎస్‌పీ-సీ అనే ప్రొటీన్. దాని జన్యువు బీసీజీలో చెక్కుచెదరకుండా ఉంది. అయినా టీకా వేయించుకున్నవాళ్ల రక్తకణాలు దానికి స్పందించవు, ఎందుకంటే బయటికి వచ్చే దారి మూసుకుపోయింది. క్షయ సోకినవాళ్ల కణాలు మాత్రం గట్టిగా స్పందిస్తాయి.

ప్రొటీన్ లోపలే ఆగిపోవాలంటే ఇంత పెద్ద ముక్క పోనక్కరలేదు కూడా. సీఎఫ్‌పీ-10 తోక చివర ఉన్న ఏడు అమైనో ఆమ్లాలే యంత్రం పట్టుకునే పిడి. ఆ ఏడింటినీ తీసేస్తే సీఎఫ్‌పీ-10 మాత్రమే కాదు, దానితో జంటకట్టి వెళ్లే ఈశాట్-6 కూడా లోపలే ఆగిపోతుంది. ల్యాబుల్లో అందరూ వాడే బలహీన క్షయ క్రిమి రకం హెచ్37ఆర్‌ఏలో ఆర్‌డీ1 పూర్తిగా ఉంది. ఎక్కడో దూరంగా ఉన్న ఫో-పి అనే నియంత్రక జన్యువులో ఒక్క అక్షరం మారింది. దాంతో 219వ స్థానంలో సెరీన్‌కు బదులు లూసీన్ వచ్చింది. ఫలితంగా స్రావానికి కావలసిన సహాయక ప్రొటీన్ చాలినంత తయారుకాదు. ఈశాట్-6 తయారవుతుంది, గోడ దాటదు. విద్యార్థులకు మ్యుటేషన్ పాఠం చెప్పేటప్పుడు ఇంతకంటే స్పష్టమైన ఉదాహరణ మాకు దొరకలేదు.

మాంటూలో వాడే ట్యూబర్‌క్యులిన్ వందలాది ప్రొటీన్ల కలగలుపు. వాటిలో చాలావరకు బీసీజీలోనూ ఉన్నాయి, మట్టిలో నీళ్లలో బతికే దాని బంధువుల్లోనూ ఉన్నాయి. సై-టీబీలో ఉండేవి ఈశాట్-6, సీఎఫ్‌పీ-10 మాత్రమే. బీసీజీ ఎన్నిసార్లు వేయించుకున్నా శరీరం ఈ రెండింటినీ చూసి ఉండదు. అందుకే టీకా వేయించుకున్నా లేకున్నా ఇందులో 5 మి.మీ. గట్టి వాపు ఉంటే చాలు, పాజిటివ్. క్షయ సోకిందో లేదో రక్తంలో చూసే ఇగ్రా పరీక్షకూ ఇదే ఆధారం. కాకపోతే దానికి రక్తం తీసిన 16 గంటల్లోగా గొట్టాలు 37 డిగ్రీల ఇంక్యుబేటర్‌లోకి చేరాలి. మన్యం గూడేల నుంచి అది ప్రతిసారీ కుదిరే పని కాదు. చర్మ పరీక్షకు సూది, స్కేలు, నేర్పున్న చెయ్యి ఉంటే చాలు.

ఆ నేర్పు దగ్గరే పొరపాట్లు ఎక్కువ. సూది మొన వాలు పైకి ఉండాలి. మందు ఎక్కగానే చర్మం మీద 6 నుంచి 10 మి.మీ. పాలిపోయిన బుడిపె లేవాలి. లేవలేదంటే మందు లోతుకు పోయినట్టే, రెండో చేతికి మళ్లీ వేయాలి. చూసేటప్పుడు ఎర్రదనాన్ని కొలవకూడదు. బాల్‌పెన్నును బయటి నుంచి వాపు వైపు జరుపుతూ, అడ్డం తగిలిన చోట గీత పెట్టాలి. చేతికి అడ్డంగా, రెండు గీతల మధ్య దూరం మి.మీ.లలో రాయాలి. 'పాజిటివ్' అన్న ఒక్క మాట సరిపోదు. బీసీజీ ఎప్పుడు వేశారో, ఏ వయసులో వేశారో కూడా అదే కార్డు మీద ఉండాలి.

ఏ చర్మ పరీక్ష అయినా సోకిందని మాత్రమే చెబుతుంది, జబ్బు ఉందని చెప్పదు. దగ్గు, జ్వరం, బరువు తగ్గడం, రాత్రి చెమటలు అడిగి, ఛాతీ ఎక్స్‌రే చూడకుండా నివారణ మాత్రలు మొదలుపెడితే, లోపల జబ్బు ఉన్నవాళ్లలో ఆ మాత్రల్లోని ఐసోనియజిడ్‌కు లొంగని క్రిములు తయారవుతాయి. ఇటు సోకనివాళ్లకు ఆరు నెలలు అదే మాత్ర ఇస్తే కాలేయానికి అనవసరపు ముప్పు. హెచ్‌ఐవీ ఉన్నవాళ్లలో నెగటివ్ వచ్చినంత మాత్రాన ధీమా పడకూడదు. వాళ్లకు, రోగి ఇంట్లోని ఐదేళ్లలోపు పిల్లలకు, జబ్బు లేదని తేల్చుకున్నాక పరీక్ష కోసం ఆగకుండానే నివారణ మందు ఇవ్వాలి.

రోగి నమూనాలోని క్రిమిని పెంచి చూసే కల్చర్ ల్యాబులకూ ఒక మాట. ద్రవ మాధ్యమంలో పెరిగింది క్షయ క్రిమేనా అని తేల్చడానికి ఎంపీటీ64 కార్డు వాడుతున్నారు. అది కూడా క్రిమి బయటికి వదిలే ప్రొటీన్‌ను పట్టుకునేదే. కొన్ని అసలైన క్షయ క్రిముల్లో ఆ జన్యువులో 63 అక్షరాలు ఊడిపోయి ఉంటాయి, అప్పుడు కార్డు మీద గీత రాదు. కల్చర్ మరీ లేతదైనా రాదు. స్లైడు మీద తాళ్లలా పేనుకున్న క్రిములు కనిపిస్తూ, కార్డు నెగటివ్ చూపిస్తే వెంటనే 'క్షయేతర క్రిమి' అని రిపోర్టు ఇవ్వొద్దు. ఇంకొన్ని రోజులు పెంచి మళ్లీ చూడాలి. అప్పటికీ గీత రాకపోతే డీఎన్ఏ పరీక్షతో తేల్చి, ఆ తర్వాతే సంతకం పెట్టాలి.

భవదీయులు,
మైక్రోబయాలజీ అధ్యాపకులు, తిరుపతి