ఇది సన్నబడ్డానికి కాదురా

చిన్నా,

నిన్న ఫోన్లో నువ్వడిగినదానికి సరిగా జవాబు చెప్పలేకపోయాను. మీ నాన్న పక్కనే ఉన్నారు, పైగా నాకు కోపమూ వచ్చింది. "పది రోజుల్లో నాలుగున్నర కిలోలు తగ్గావు కదమ్మా, ఇంకో ఆర్నెల్లు ఇలాగే ఉంటే పోలా, పొట్ట కోయించుకోవడం దేనికి" అన్నావు.

బరువు తగ్గించే ఆపరేషన్‌కి ముందు ఈ తగ్గడం సన్నబడ్డానికి కాదురా, లివర్ కోసం. జీర్ణాశయం పైభాగాన్ని లివర్ ఎడమ పక్క కప్పి ఉంటుంది. నాలాంటి వాళ్లకి అది కొవ్వు పట్టి ఉబ్బిపోతుంది. చిన్న చిన్న రంధ్రాల్లోంచి ఆపరేషన్ చేసే డాక్టరు ముందు దాన్ని ఎత్తి పట్టుకుంటేగానీ పని మొదలుకాదు. దిబ్బరొట్టెని అట్లకాడతో ఎత్తడానికీ, పల్చటి అట్టుని ఎత్తడానికీ ఎంత తేడా! బరువెక్కి మెత్తబడ్డ లివర్ ఎత్తేటప్పుడు చిట్లితే రక్తం కారుతుంది. రెండు వారాలు అన్నం, పిండివంటలు, నూనె మానేస్తే అది దాచుకున్న చక్కెరనీ, ఆ చక్కెర పట్టి ఉంచిన నీటినీ, కొంత కొవ్వునీ వదిలేసి చిన్నదవుతుంది. అందుకే ఈ పద్నాలుగు రోజులు.

రోజుకి 800 కేలరీలు. మూడు పూటలా ప్రోటీన్ పొడి కలిపిన పాలు, సాయంత్రం ఉడికించిన సొరకాయ ముక్కలు, పల్చటి మజ్జిగ. మూడో రోజు తల పగిలిపోయింది. నాలుగో రోజు ఎదురింట్లో గృహప్రవేశం, డబ్బా నిండా పులిహోర పంపారు. మూత తీసి ఇంగువ వాసన ఒక్కసారి పీల్చి మీ నాన్నకిచ్చేశాను. ఆయన వంటింట్లో నిలబడే తిన్నారు, నాకు కనపడకుండా. ఐదో రోజు తెల్లవారుజామున ఒళ్లంతా చెమట, చేతులు వణుకు. చూస్తే షుగరు 62. తిండి తగ్గించాను గానీ ఇన్సులిన్ పాత మోతాదే వేసుకుంటున్నా. తగ్గించమని కాగితం మీద రాసే ఉంది, నేనే చూసుకోలేదు. పిల్లల పేపర్లు దిద్దినంత శ్రద్ధగా మందుల చీటీ చదవను, ఏం చేస్తాం.

నువ్వు పంపిన 2020 నాటి అమెరికా పరిశోధన చదివాను. దాదాపు 4 లక్షల 80 వేల మంది లెక్క. ముందు ఏమీ తగ్గనివాళ్లతో పోలిస్తే, 5 శాతం లోపు తగ్గినవాళ్లలో కూడా ఆపరేషనయ్యాక 30 రోజుల్లో చనిపోయే అవకాశం 24 శాతం తక్కువట. 10 శాతం, ఆపైన తగ్గితే 42 శాతం తక్కువ. కంగారుపడకు, అసలు చావులే వెయ్యికి ఒకటి. లెక్కల టీచర్ని కదా, నాకో అనుమానం: తగ్గగలిగినవాళ్లు ముందునుంచే కాస్త గట్టివాళ్లేమో? అలాగైతే ఆ ఫలితమంతా తగ్గడం వల్లే అనలేం. అయినా 108 నుంచి 103న్నరకి వచ్చాను, 4 శాతం దాటింది. వచ్చినంత లాభం.

కానీ దీన్నే పరీక్షలా పెట్టేవాళ్లంటే నాకు మంట. రెండేళ్ల కిందట ఇంకో ఆస్పత్రిలో ఒకాయన తలైనా ఎత్తకుండా "పది కిలోలు తగ్గి రండి, అప్పుడు చూద్దాం" అన్నాడు. ఎందుకో చెప్పలేదు, ఎలాగో చెప్పలేదు. తగ్గలేదు, సిగ్గేసి మళ్లీ వెళ్లలేదు. ఈలోగా మాత్రలు పోయి ఇన్సులిన్ వచ్చింది. మీ అమెరికాలోనూ ఇన్సూరెన్సు వాళ్లు ఆపరేషన్‌కి ముందు నెలల తరబడి డైటింగ్ చేసి చూపించమంటారన్నావు. అలా పట్టుబట్టడం సరికాదని అక్కడి బేరియాట్రిక్ సర్జన్ల, అంటే ఈ బరువు తగ్గించే ఆపరేషన్లు చేసేవాళ్ల, సంఘమే చెప్పింది.

ఇక నీ ఆర్నెల్ల సంగతి. 2016లో నీ పెళ్లికని 14 కిలోలు తగ్గాను, గుర్తుందా? ఆ పట్టుచీర జాకెట్టు రెండుసార్లు బిగించారు. రెండేళ్లు తిరక్కుండా 17 పెరిగాను. నాకు పట్టుదల లేదనుకునేదాన్ని. బరువు తగ్గేకొద్దీ ఒళ్లు ఆకలిని పెంచుతుందని ఈ డాక్టరమ్మ చెప్పేదాకా ఎవరూ చెప్పలేదు. ఆకలి పుట్టించే గ్రెలిన్ అనే హార్మోన్ ఎక్కువగా తయారయ్యేది జీర్ణాశయం పైభాగంలోనే. నాకు చేసేది స్లీవ్ ఆపరేషన్, జీర్ణాశయాన్ని సన్నటి గొట్టంలా మిగిల్చి తక్కినది తీసేస్తారు. అలా కోసి తీసేసే ముక్కలో అదీ పోతుంది. ఆ పని సొరకాయ ముక్కలు చెయ్యలేవు.

గురువారం పొద్దున ఆరింటికి లోపలికి తీసుకెళ్తారు. నీకప్పుడు బుధవారం సాయంత్రం. ఫోన్ ఛార్జింగ్ పెట్టుకో, మీ నాన్న చేస్తారు. ఆయన కంగారులో నంబరు తప్పు నొక్కుతారు, నువ్వే ఒకసారి చేసి చూడు.

అమ్మ