పాత మద్రాసు కార్డులు: వెనక్కి తిప్పి కూడా చూడండి

అందరికీ నమస్కారం. నిన్న మన గ్రూపులో పెట్టిన మౌంట్ రోడ్డు (ఇప్పటి అన్నా సాలై) బొమ్మ పోస్టుకార్డు ఏ కాలానిదని చాలామంది అడిగారు. రోడ్డు మధ్యలో ట్రాము, దాని పైన కరెంటు తీగ కనిపిస్తున్నాయి కదా. మద్రాసులో కరెంటు ట్రాములు 1895లో మొదలయ్యాయి, 1953లో ఆగిపోయాయి. కాబట్టి ఫొటో ఈ మధ్య కాలానిదే.

ఇంకాస్త దగ్గరగా తేల్చాలంటే కార్డు వెనక వైపు చూడాలి. మొదట్లో వెనకంతా అడ్రసుకే, కబుర్లు బొమ్మ పక్కన మిగిలిన తెల్ల అంచులో ఇరికించి రాసేవారు. మా తాతయ్య పెట్టెలో దొరికిన మసులా పడవ (అలల మీదుగా మనుషుల్ని, సరుకుల్ని ఒడ్డుకు చేర్చిన కుట్టు పడవ) కార్డు అలాంటిదే. తెడ్లు వేసేవాళ్ల కాళ్ల కింద చీమల బారులా ఇంగ్లీషు అక్షరాలు! వెనక కబుర్లకీ అడ్రసుకీ మధ్య నిలువు గీత ఉందంటే ఇరవయ్యో శతాబ్దంలోకి వచ్చేసినట్టే.

రంగుల్ని మాత్రం నమ్మకండి. చాలా కార్డులు జర్మనీలో అచ్చయ్యాయి. నలుపు తెలుపు ఫొటోకి రంగులద్దినవాళ్లు మన సముద్రాన్ని చూసి ఉంటారా ఏమిటి?

హైకోర్టు కార్డులుంటే ముందు పెట్టండి. 1894 నుంచి 1977 దాకా దాని గుమ్మటమే లైట్‌హౌస్. మూర్ మార్కెట్‌వి ఉంటే మరీ మంచిది, 1985లో కాలిపోయిన ఆ భవనం ఇప్పుడు బొమ్మల్లోనే ఉంది.

దయచేసి రెండు వైపులా స్కాన్ చేసి, డాక్యుమెంట్‌గా పంపండి. మామూలు ఫొటోగా పంపితే తపాలా ముద్ర మీద తేదీ అలికేసినట్టవుతోంది.