వేట బండి ఫొటో తప్పు, కథేమో సగమే

సంపాదకులకు నమస్కారం.

మీ ఆదివారం అనుబంధంలో ఆఫ్రికా వేట సఫారీల మీద వచ్చిన వ్యాసం చదివాను. నేనుండేది టాంజానియాలోని అరూషాలో, ఓ గ్యారేజీలో లెక్కలు చూస్తుంటాను, జూలైలో సీజన్ మొదలయ్యే ముందు వేట కంపెనీల బండ్లు వరసకట్టి మా దగ్గరికే వస్తాయి కాబట్టి ఆ వ్యాసం చూసి ఊరుకోలేకపోయాను.

ముందు ఆ ఫొటో సంగతి. మీరు వేసింది టాపు పైకి లేచే టూరిస్టు ల్యాండ్ క్రూజర్. అది సెరెంగెటి పార్కులో సింహాలను చూపించి తీసుకొచ్చే బండి, అక్కడ వేటాడితే జైలే. వేటకు వెళ్లే బండికి చాలావరకు టాపే ఉండదు. ల్యాండ్ క్రూజర్‌లోనే 79 సిరీస్ అనే పికప్ తీసుకుని, వెనకాల ఇనప పైపులతో ఎత్తుగా సీటు వెల్డింగ్ చేయించి, తుపాకులు ఒరుసుకోకుండా మెత్త చుట్టిన స్టాండు పెట్టి, చచ్చిన అడవిదున్నను పైకి లాగడానికి వించ్ (తాడు చుట్టి బరువు లాగే యంత్రం) బిగిస్తారు. పెద్ద దున్నంటే 700 కిలోల దాకా ఉంటుంది మరి! లోపల ఉండేది 4.2 లీటర్ల పాత డీజిల్ ఇంజను, ఎలక్ట్రానిక్ గొడవలేవీ లేవు, ఏది పోయినా అడవిలోనే స్పానర్లతో విప్పుకోవచ్చు. టైర్లకు ఇప్పటికీ ట్యూబులే ఇష్టపడతారు, ఎందుకంటే తుమ్మ ముళ్లకు రోజూ పంక్చరే, ట్యూబయితే లివరు, చేతిపంపు ఉంటే చాలు. స్పేర్ టైర్లు రెండు. వాన పడిందా, అక్కడిదీ మన నల్లరేగడే, బురదలో దిగితే పొద్దంతా తవ్వుకోవాల్సిందే. ఇంకోటి, కొన్ని బండ్ల వెనకాల చిన్న డబ్బా వేలాడుతుంటుంది, అందులో ఏనుగు లద్దె పొగబెడతారు. కదిలే బండి కనిపిస్తే చాలు రక్తం పీల్చే సెట్సీ ఈగలు వెంటపడతాయి, వాటికి మందు ఆ పొగే. సర్వీసుకొచ్చిన బండికి ఆ వాసన ఎంత కడిగినా పోదు.

ఇక "జీపులో కూర్చుని కాల్చి పారేస్తారు" అన్నారు. ఇక్కడ బండిలోంచి కాల్చడం నేరం. జాడ దొరికాక బండి దిగి, దాన్ని వెనక వదిలేసి నడవాలి, ఒక్కోసారి గంటలు గంటలు. చట్టాన్ని ఎగ్గొట్టేవాళ్లు లేరని కాదు, అందుకే ప్రభుత్వ గేమ్ స్కౌటు, అంటే వన్యప్రాణుల కాపలాదారు, కూడా వెంట ఉండాలన్న నియమం పెట్టారు. ఆ నడకలో ముందుండేది ట్రాకరు, అంటే జాడ పట్టేవాడు. చిన్న గుడ్డసంచిలో బూడిద పెట్టుకుని నిమిషానికోసారి విదిలించి గాలి ఎటుందో చూస్తాడు, రాతినేల మీద నలిగిన గడ్డిపోచను బట్టి దున్న ఎప్పుడు వెళ్లిందో చెప్తాడు. తుపాకీ ఆనించుకునే కర్రలు మోసేదీ అతనే, గాయపడ్డ దున్న పొదల్లోకి దూరితే ముందు వెళ్లేదీ అతనే, చాలాసార్లు చేతిలో తుపాకీ కూడా ఉండదు. సింహం విషయంలో 6 ఏళ్లు నిండనిదాన్ని కాల్చకూడదని రూలు, గైడుగా వచ్చే ప్రొఫెషనల్ హంటర్ దూరం నుంచి జూలు, ముక్కు రంగు చూసి తేల్చుకోవాలి, ఆ టెన్షన్ అతనిది. క్యాంపుకొచ్చాక తోలు వలిచి ఉప్పు పట్టించేవాడి పని రాత్రి దాకా సాగుతుంది, వెంట్రుకలు ఊడితే తిట్లు అతనికే. వీళ్లలో చాలామందికి పని సీజన్ ఉన్నన్నాళ్లే, ఆశంతా డబ్బు కట్టి వేటకొచ్చిన క్లయింటు వెళ్లేటప్పుడు ఇచ్చే టిప్పు మీదే.

మీ రెండు పేజీల్లో ఈ మనుషుల్లో ఒక్కడూ లేడు. కొత్తేం కాదులెండి, 1909లో అమెరికా మాజీ అధ్యక్షుడు థియోడర్ రూజ్‌వెల్ట్ వేటకని కెన్యా వచ్చినప్పుడు 200 మందికి పైగా కూలీలు నెత్తిన సామాన్లు మోశారు, ఇప్పటికీ అందరికీ తెలిసింది తుపాకీతో నిలబడ్డ ఆయన ఫొటోనే. 1977లో అదే కెన్యా వేటను నిషేధించింది, మీ వ్యాసంలో మాత్రం అక్కడింకా వేట సాగుతున్నట్టే రాశారు.

వేట నాకూ నచ్చదు, తిట్టండి, కాకపోతే ఏ పని ఎవరు చేస్తున్నారో తెలుసుకుని తిట్టండి. అచ్చయిన పేపరును ఎలాగూ మార్చలేరు, కనీసం ఆన్‌లైన్ ఎడిషన్‌లో ఆ ఫొటో తీసేసి, కెన్యా మాట సరిచేయండి.

ఇట్లు,
అరూషా నుంచి మీ పాఠకుడు