ఈ ఉబ్బిన బ్యాటరీని ఎవరికివ్వాలి?

సంపాదకుడు గారికి,

పాత సెల్‌ఫోన్ బ్యాటరీలు చెత్తబుట్టలో వేయొద్దని పది రోజుల కిందట మీరు వేసిన వార్త చదివాను. సరే, వేయను. మరి ఎక్కడ వేయాలో ఇంకో రెండు లైన్లు రాస్తే మీ సొమ్మేం పోయింది?

మా ఆవిడ ఫోన్‌లో బ్యాటరీ గత నెల పూరీలా ఉబ్బి వెనక మూతను పైకి లేపేసింది. రిపేరు కుర్రాడు కొత్తది వేసి, పాతదాన్ని కాగితంలో చుట్టి 'మేమేం చేసుకుంటాం అంకుల్' అని నా చేతిలోనే పెట్టాడు. కంపెనీ సర్వీస్ సెంటర్‌కు పోతే టోకెన్ ఇచ్చి గంటన్నర కూర్చోబెట్టి, బయట మార్పించారు కాబట్టి తీసుకోం అన్నారు. చెత్త ఆటో అతను మాత్రం 'పొడి చెత్తలో వేసేయండి సార్' అన్నాడు, అతని తప్పేం లేదు, ఎవరూ చెప్పలేదు. ఆ చెత్తను ట్రాన్స్‌ఫర్ స్టేషన్‌లో మిషన్‌తో నొక్కి జవహర్‌నగర్ డంపింగ్ యార్డుకు పంపుతారు. లిథియం బ్యాటరీ అలా నలిగిందంటే లోపలి పొర చిరిగి, షార్టయ్యి, అంటుకుంటుంది. అందుకని ప్రస్తుతం అది మా బాల్కనీలో మట్టి ముంతలో ఇసుక మధ్య కూర్చుంది. ఆవిడ అటువైపు బట్టలు ఆరేయడం మానేసింది.

చట్టం లేదా అంటే ఉంది. అమ్మిన కంపెనీలే పాతవి సేకరించి రీసైక్లింగ్ చేయించాలని కేంద్రం 2022 ఆగస్టులోనే నిబంధనలు తెచ్చింది. చక్రాల చెత్తడబ్బా మీద ఇంటూ కొట్టిన గుర్తు కూడా ఉండాలంది. ఆ గుర్తు మా బ్యాటరీ మీద ఉంది, భూతద్దం పెట్టి చూశాను. వేయకూడని డబ్బా బొమ్మ వేశారు, వేయాల్సిన డబ్బా మాత్రం మా వార్డులో ఎక్కడా లేదు. వార్డు ఆఫీసులో అడిగితే ఈ-వేస్ట్ డ్రైవ్ పెట్టినప్పుడు తెమ్మన్నారు. ఎప్పుడు పెడతారయ్యా అంటే 'చెప్తాం సార్'. ఇంటి పన్ను మెసేజ్ మాత్రం ఒక్కరోజు ఆలస్యం కాదు.

ఫోన్‌తో వచ్చిన చిన్న పుస్తకం తీశాను. చీమ తలకాయంత అక్షరాలు. బ్యాటరీని 'స్థానిక నిబంధనల ప్రకారం' పారేయాలట. ఆ పక్క పేజీలోనే ఇంకో ముక్క: ఫోన్‌లోని 'థర్డ్ పార్టీ' యాప్‌లకు, అంటే మూడోవాడి యాప్‌లకు, వాటిలో కనిపించేవాటికి కంపెనీది బాధ్యత కాదట. ఆ యాప్‌లు మేం అడిగి పెట్టించుకున్నామా? డబ్బా విప్పేసరికే లోపల తిష్ట వేసుకుని ఉన్నాయి, తీసేద్దామంటే కొన్నింటికి ఆ ఆప్షనే లేదు! పొద్దున లేచి టైం చూద్దామంటే అప్పు కావాలా అని ఒక ప్రకటన. అది నొక్కి మునిగితే మూడోవాడి సంగతి, బ్యాటరీ అంటుకుంటే మున్సిపాలిటీ సంగతి. మా దగ్గర పద్దెనిమిది వేలు తీసుకున్నప్పుడు ఈ మూడోవాడు ఎక్కడున్నాడో మరి.

వానలు మొదలవుతున్నాయి. ముంతను లోపలికి తేవాలా, అక్కడే ఉంచి మూత పెట్టాలా, తెలిసిన అధికారి ఎవరైనా ఉంటే మీ పత్రికలోనే చెప్పమనండి.

ఇట్లు,
ఒక రిటైర్డ్ టీచర్, సికింద్రాబాద్